పాలపిట్ట కోసం వెళ్ళిన ట్రాలీ

మోటారు ట్రాలీని మీలో ఎంతమంది చూశారో నాకు తెలియదు. రైలు పట్టాల మీద నడిచే చిన్న బండి అది. నాలుగు ఇనుప చక్రాలు, ముందు ఒక బెంచీ, దాని కింద పాత బీడీ మనిషిలా దగ్గే ఇంజను. పైన కప్పు ఉండదు, పక్కన తలుపు ఉండదు. పట్టాలు ఎలా ఉన్నాయో చూసుకుంటూ పోవడానికి ఇన్‌స్పెక్టర్లకు ఇచ్చేవారు. దాన్ని బాగుచేయడం, నడపడం నా ఉద్యోగం. వరంగల్‌లో చేరాను, వరంగల్‌లోనే రిటైరయ్యాను.

ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్న పిల్లలు నాతో, "మీకేం అంకుల్, చల్లగాలి తింటూ తిరిగారు" అంటారు. నిజమే, తిన్నాం. ఆ గాలితోపాటు నోట్లోకి పోయిన పురుగుల సంగతి మాత్రం వాళ్ళు అడగరు. అడిగినా నేను చెప్పను, అన్నం తినే వేళ అయి ఉంటుంది. దానికి బదులు డెబ్బైల చివర్లో జరిగిన ఒక దసరా ముచ్చట చెబుతాను.

దసరా నాడు పాలపిట్టను చూస్తే ఏడాదంతా మంచి జరుగుతుందని మా వైపు నమ్మకం. ఊళ్ళల్లో జనం చేల దాకా నడిచిపోయి వెతుక్కుని చూసొస్తారు. రైల్వే క్వార్టర్లలో ఉండే మాకు ఆ కష్టం లేదు. అప్పట్లో రైలు కట్ట వెంబడి టెలిగ్రాఫ్ తీగలుండేవి. పాలపిట్టలకు ఆ తీగలంటే మహా ఇష్టం. అందుకని మా దగ్గర ఒక ఆనవాయితీ ఉండేది. దసరా పొద్దున ట్రాలీకి ఆయుధపూజ చేసి, బంతిపూల దండలు కట్టి, వెనక సామాన్లు మోసే చదును ట్రైలర్ తగిలించి, దాని మీద జంపఖానాలు పరిచి, ఆడవాళ్ళనూ పిల్లలనూ ఎక్కించుకుని నెక్కొండ దాకా పోయేవాళ్ళం. దారిలో పాలపిట్టకు దండం పెట్టుకుని, నెక్కొండలో మామిడి తోటలో వంటలు తిని, సాయంత్రానికి తిరిగొచ్చేవాళ్ళం. పూజ చేసిన బండి కదలకుండా ఉంటే అరిష్టమని మా వాదన. ఆ వాదన ఎక్కడ రాసుందని ఎవరూ అడగలేదు.

ఆ ఆనవాయితీని మొదలుపెట్టినవాడు మా పెద్ద మేస్త్రి. పట్టాల పని చేసే గ్యాంగులన్నిటికీ పెద్ద. తలపాగా, తెల్లమీసం, మాట తక్కువ. వచ్చే ఎండాకాలంలో ఆయన రిటైర్ కావాలి. "నా ఎనక గూడ ఇది నడవాలెరా. నడిపిత్తరా?" అని ఆ ఏడంతా మమ్మల్ని అడుగుతూనే ఉన్నాడు. నడిపిస్తామని మాటిచ్చాం. మాటివ్వడానికి ఏం పోయింది, అప్పటికింకా కొత్త ఇన్‌స్పెక్టర్ గారు రాలేదు.

ఆయన కోస్తా నుంచి బదిలీ మీద వచ్చారు. పడుచువాడు, పెళ్ళి కాలేదు. తెల్ల టోపీ, మడత చెడని తెల్ల ప్యాంటు. మంచివాడే గానీ, రూల్సు పుస్తకాన్ని అన్నంలో నంజుకునే రకం. దసరా మాట ఎత్తగానే కళ్ళు పెద్దవి చేశారు.

"ట్రాలీ మీద ఆడవాళ్ళూ పిల్లలా? ఏ రూలు ప్రకారం?"

"రూల్ ఏంది సార్, పండుగ" అన్నాడు మేస్త్రి.

సార్ పుస్తకం ఇంటికి పట్టుకుపోయారు. మర్నాడు నిద్రలేని కళ్ళతో వచ్చారు. ఆ పుస్తకం రాసిన దొరకు ఇలాంటి ఆలోచన కలలో కూడా వచ్చి ఉండదు గనక, దసరా నాడు పాలపిట్టను చూడటానికి ట్రాలీ ఎక్కరాదని అందులో ఎక్కడా లేదట. లేనందుకు ఆయనకు చాలా బాధగా ఉంది.

"సరే మేస్త్రీ. పిట్ట కోసమే గదా ఈ ప్రయాణం? అది కనపడకపోతే?"

"కనవడకపోవుడు అంటూ ఉండది సార్. నేను పనిల జేరిన కాడికెల్లి ఒక్క దసరా తప్పలే. మన ట్రాలీ సప్పుడు ఇంటే అదే అచ్చి తీగ మీద కూసుంటది."

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. సార్‌కు పౌరుషం వచ్చింది.

"అయితే వినండి. నెక్కొండ చేరేలోపు పాలపిట్ట కనపడితే, నేనిక్కడ ఉన్నన్నాళ్ళూ ప్రతి దసరాకూ ట్రాలీ మీదే పోదాం. కనపడకపోతే ఇదే ఆఖరు. మళ్ళీ ఎవరూ ఈ మాట ఎత్తకూడదు."

"అట్లనే సార్" అన్నాడు మేస్త్రి, మమ్మల్ని అడగకుండానే.

ఇంటికొచ్చి చెబితే నా భార్య చేతిలో చాట కింద పెట్టింది. "పాలపిట్ట ఏమన్న మీ రైల్వేల నౌకరీ చేత్తాందా, డ్యూటీకి అచ్చినట్టు టైముకు అచ్చి కూసునేటందుకు?" అంది. పెళ్ళయ్యాక ఆమె ఏడాదికొకసారి ఊరు దాటిందంటే ఆ ట్రైలర్ మీద కూర్చునే. క్వార్టర్లలో ఆడవాళ్ళందరిదీ అదే కథ. ఏడాదంతా బొగ్గు పొగ పీల్చే వాళ్ళకు అదొక్కటే పచ్చగాలి. అది కాస్తా ఇప్పుడు ఒక పిట్ట దయ మీద ఆధారపడింది.

మాతో పనిచేసే ట్రాలీమన్ ఒకతను ఉండేవాడు. ట్రాలీని పట్టాల మీదికి ఎత్తడం, దించడం అతని పని. డాబా మీద కబూతరాలు, అంటే పావురాలు, పెంచేవాడు గనక సంపాదన సగం జొన్నలకే పోయేది. అందరం భాయ్ అని పిలిచేవాళ్ళం. పండుగ ఎవరిదైనా ముందుండేది అతనే. సంగతంతా విని నవ్వాడు.

"ఫికర్ జెయ్యకు భాయ్. పాలపిట్ట రాకపోతే మనమే పంపుదాం."

"ఎక్కడ్నించి?"

"నా తాన ఒక తెల్ల కబూతరున్నది. రెక్కలకు నీలిమందు, రొమ్ముకు చాయ్ డికాక్షన్. జర దూరం కెల్లి సూస్తే మీ సార్ గాదు, పాలపిట్ట పెండ్లాం గూడ ఆనవాలు పట్టది."

"తీగ మీద కూసుంటదా మరి?"

"కబూతరు తీగ మీద ఎందుకు కూసుంటది? ఇడిసిపెడితే సీదా ఇంటికి పోతది. ఎగిరేటప్పుడే సూడాలె. రెక్క ఇప్పితే నీలం గొడతది, సాలు."

ఇంత తెలివైన ఆలోచన నాకు రానందుకు సిగ్గుపడ్డాను. చింతలపల్లి దాటాక గుట్టల మధ్య ఒక మలుపు ఉంది. రోజూ పట్టాల వెంట నడుస్తూ బిగింపులు చూసే కీమన్‌ను పట్టుకుని, పావురాన్ని గంపలో పెట్టిచ్చి ఆ మలుపు దగ్గర కూర్చోబెట్టాలనుకున్నాం. దారిలో నిజం పిట్ట కనపడితే నేను హారన్ కొడతాను, అప్పుడు గంప మూత తీయకూడదు. హారన్ వినపడకపోతే తీయాలి. మేస్త్రికి చెప్పలేదు. ఆయన ముక్కుసూటి మనిషి, అబద్ధం మొహంలో దాచలేడని మా నమ్మకం.

పండుగ ముందు రోజు భాయ్ ఇంటి డాబా మీద ఆ పావురానికి నేనే కాళ్ళు పట్టుకున్నాను, అతను కుంచెతో రంగు వేశాడు. పెళ్ళికూతురికి గోరింటాకు పెట్టేటప్పుడు కూడా అంత ఓపిక ఎవరికీ ఉండదు. ఆరాక చూస్తే, ఏం చెప్పను, నాకే దండం పెట్టబుద్ధయింది.

దసరా వచ్చింది. ఏటా మేం తెల్లవారుజామునే బయల్దేరేవాళ్ళం, స్టేషన్‌లో వాళ్ళు కన్నుగీటి పంపేవారు. సార్ ఒప్పుకోలేదు. ట్రాలీని కూడా రైలులాగే పంపాలని, ముందు స్టేషన్ నుంచి అనుమతి రావాలని పట్టుబట్టారు. అది సరైన పద్ధతే, కాదనను. కానీ ఆ పద్ధతిలో మాకన్నా ముందు ప్యాసింజరు పోవాలి, దాని వెనక గూడ్సు పోవాలి. మేం కదిలేసరికి ఎండ నడినెత్తికి బయల్దేరింది. ట్రైలర్ మీద పట్టుచీరలు, గారెల గంపలు, మటన్ కూర గిన్నె, వాటి మధ్య పిల్లలు. ముందు బెంచీ మీద మధ్యలో సార్, ఒకపక్క మేస్త్రి, ఒకపక్క నేను. వెనక భాయ్. ముందు మూలన కర్రకు కట్టిన ఎర్రజెండా.

వరంగల్ దాటితే ఆ దారి ఎంత బాగుంటుందో రైల్లో పోయేవాళ్ళకు తెలియదు. కిటికీలో ముక్కలు ముక్కలుగా కనపడుతుంది. ట్రాలీ మీద కూర్చుంటే మొత్తం మీదే. ఒకవైపు కోట గోడలు, రాళ్ళ గుట్టలు. మామిడి తోటలు దాటాక నిండిన చెరువు, దాని కింద పొట్ట మీదున్న వరి. ఆ పైన నల్లరేగడిలో అక్కడక్కడ తెల్లగా పగులుతున్న పత్తి, మోకాలెత్తు మిరప. కట్ట పక్కన ఇంకా మిగిలిన తంగేడు పూలు, గునుగు పూలు. గాలి వేగానికి ఆడవాళ్ళ కొంగులు ఎగురుతుంటే వాళ్ళు వాటిని పట్టుకోవడం మానేసి నవ్వుతున్నారు. పట్టాలు తప్ప ఇంకేమీ చూడని సార్ కూడా రెండుసార్లు తలెత్తి చూశారు. నేను చూశాను ఆయన చూడటం.

కానీ తీగల మీద పాలపిట్ట లేదు. గోరింకలున్నాయి, గువ్వలున్నాయి, తోక చీలిన నల్లపిట్టలున్నాయి. కారణం కాసేపటికి అర్థమైంది. మేం ఆలస్యంగా బయల్దేరాం గదా, అప్పటికే చుట్టుపక్కల ఊళ్ళన్నీ పాలపిట్ట కోసం చేలల్లో పడ్డాయి. డప్పులు, ఈలలు, కేకలు. అంత గోల చేస్తూ వెతికితే ఏ పిట్ట నిలబడుతుంది? ఒకచోట గట్టు మీద జనం చేతులూపుతూ మమ్మల్నే అడిగారు.

"మీకేమన్న కనవడ్డదా?"

"లే. మీకు?"

"మాకూ లే!"

ట్రైలర్ మీద నవ్వులు తగ్గాయి. ఒక పిల్ల "అగో, నీలం పిట్ట" అని అరిచింది. అందరూ లేచారు. సార్ టోపీ అంచు పైకెత్తి చూసి, "అది లకుముకి పిట్ట. చెల్లదు" అన్నారు, చిరిగిన నోటు తిరిగిచ్చే కండక్టర్‌లా. నా భార్య భద్రకాళమ్మకు కొబ్బరికాయ మొక్కుకుంది. మేస్త్రి మాత్రం తీగల వెంట చూస్తూనే ఉన్నాడు. ఆ మొహం చూడలేక నేను ఇంజను వైపు తల తిప్పుకున్నాను.

చింతలపల్లి దాటాం. నేను హారన్ కొట్టలేదు. గుట్టల మీద సీతాఫలం చెట్లు కాయలతో వంగి ఉన్నాయి. మలుపు తిరుగుతుండగా వాటి వెనక నుంచి రెక్కలు టపటపలాడించుకుంటూ మా పిట్ట లేచింది. ఎండలో నీలం తళుక్కుమంది. నిజం పాలపిట్ట చూసినా ఈర్ష్యపడేది. "పాలపిట్ట!" అని ట్రైలర్ మొత్తం అరిచింది. సార్ కూడా లేచి నిలబడ్డారు. పిట్ట ఒక చుట్టు తిరిగి వరంగల్ వైపు మళ్ళింది. ఇంకొక్క నిమిషం ఆగితే గుట్ట దాటేది, మా పని అయిపోయేది.

అప్పుడు వెనక నుంచి ఈల వినపడింది.

భాయ్! ప్రాణంగా పెంచిన పావురం కళ్ళముందు ఎగిరిపోతుంటే అతని వేళ్ళు వాటంతటవే నోట్లోకి పోయాయి. రోజూ సాయంత్రం డాబా మీద వేసే ఈల అది. వేశాక గానీ తను ఏం చేశాడో అతనికి తెలియలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుండిపోయాడు. పెంపకం మంచిది, పిట్ట ఏం చేస్తుంది? గిరుక్కున తిరిగి నేరుగా ట్రాలీ మీదికి దిగింది. నేను గాభరాగా బ్రేకు వేశాను. అది ఎర్రజెండా కర్ర మీద, సరిగ్గా సార్ ముక్కు ముందు వాలింది.

దగ్గర్నుంచి చూస్తే ఇంకో ఘోరం. కీమన్ దయగల మనిషి. ఎండకు పావురం వడదెబ్బ తింటుందని టిఫిన్ మూతలో నీళ్ళు పెట్టాడట. పావురం తాగడమే కాదు, స్నానం కూడా చేసింది. ఒక రెక్క నీలం, ఒక రెక్క తెలుపు. రొమ్ము మీద డికాక్షన్ కారి చారలు. అది ఒళ్ళు విదిలించుకునేసరికి సార్ తెల్ల ప్యాంటు మీద నీలం చుక్కలు పడ్డాయి. ఆ పైన గొంతు ఉబ్బించి, "గుటుర్ గుటుర్" అంది.

మా దసరా అక్కడితో సరి అనుకున్నాను.

మేస్త్రి మెల్లగా ట్రాలీ దిగాడు. చెప్పులు విడిచాడు. తలపాగా తీసి చంకలో పెట్టుకుని, ఆ పావురానికి రెండు చేతులెత్తి దండం పెట్టాడు.

"సూసినం సార్" అన్నాడు. "ఎంత సక్కగ అచ్చింది సూడుండ్రి, పాలపిట్ట! ఇగ ఏడంత సల్లగుంటం."

సార్ పావురాన్ని చూశారు. తన ప్యాంటును చూసుకున్నారు. తర్వాత మేస్త్రిని చూశారు. ముసలాయన కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. సార్ టోపీ తీసి, తనూ చేతులు జోడించారు.

"చూశాను మేస్త్రీ" అన్నారు.

ట్రైలర్ మీద ఆడవాళ్ళందరూ గబగబా దండాలు పెట్టారు. ఆలస్యమైతే పిట్ట మళ్ళీ కూస్తుందేమోనని భయం. భాయ్ దాన్ని చొక్కాలో దాచేసుకున్నాడు. మనిషిలో ఇంత మంచితనం దాచుకుని రూల్సు పుస్తకం ఎందుకు మోస్తున్నాడో అనుకుంటూ, నెక్కొండ దాకా హుషారుగా బండి నడిపాను.

తోటలో విస్తళ్ళు వేశారు. సార్ పులిహోర సగం తిని చెయ్యి ఆపారు. మొహంలో ఏదో తిరుగుతోంది. ఆ పుస్తకం మళ్ళీ లోపల పేజీలు తిప్పుతోందని నాకర్థమైంది.

"మేస్త్రీ, మీకు చూపు ఎలా ఉంది?"

"మంచిగనే ఉన్నది సార్."

"ఇందాక జెండా కర్ర మీద కూర్చున్నది ఏ పిట్ట?"

మేస్త్రి మా అందరి వైపూ ఒకసారి చూశాడు. "పాలపిట్ట సార్."

"గజం దూరంలో ఉన్న పావురం మీకు పాలపిట్టలా కనపడిందంటే, రేపు పట్టాలో పగులు కనపడుతుందా? జనం ప్రాణాలతో పని మనది. రేపే కాజీపేట ఆసుపత్రికి వెళ్ళి కళ్ళ పరీక్ష చేయించుకోండి."

నోట్లో ముద్ద నోట్లోనే ఆగింది. మీకు చెప్పాలి, పట్టాల పనిలో కంటిచూపు పోయిందంటే ఆ పని పోయినట్టే. అన్‌ఫిట్ అని రాసి ఏ స్టోర్‌లోనో మేకులు లెక్కపెట్టడానికి కూర్చోబెడతారు. ఇన్నేళ్ళు గ్యాంగులను నడిపిన మనిషి చివరి ఆరు నెలలూ ఆ మూలన కూర్చోవాలి. పోనీ, నా కళ్ళు బాగానే ఉన్నాయి, అది పావురమేనని నాకు తెలుసు అంటాడా? అంటే పాలపిట్ట కనపడనట్టే, దసరా ప్రయాణం ఇదే ఆఖరు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మా నీలిమందు ఆయన మెడకు చుట్టుకున్నందుకు నాకు ఏడుపొచ్చింది. భాయ్ లేచి, "సార్, అసల్ ముచ్చట ఏందంటే" అని మొదలుపెట్టాడు.

"నువ్వు కూసోరా" అన్నాడు మేస్త్రి. తీరిగ్గా చెయ్యి కడుక్కున్నాడు, తువ్వాలతో మీసం తుడుచుకున్నాడు. అప్పుడు చూశాను ఆయన కళ్ళను. పావు మైలు దూరం నుంచి వదులైన బిగింపును పట్టే కళ్ళు అవి. వాటి వెంట ఇందాక కారినవి భక్తి నీళ్ళు కావు, ఆపుకున్న నవ్వు నీళ్ళని నాకప్పుడు అర్థమైంది. ముక్కుసూటి మనిషి, అబద్ధం దాచలేడు అనుకున్న మా అంత అమాయకులు ఇంకొకరు లేరు.

"పోత సార్. రేపు పొద్దుగాల్నే పోత" అన్నాడు ఎంతో వినయంగా. "కని ఒక్కన్నే పోతే దారి తోసది. మీరు గూడ గజం దూరంలనే ఉంటిరి. మీరు గూడ దండం పెడితిరి. ఇంతమంది సూసిరి. ఇద్దరం కలిసే పోదాం సార్, డాక్టర్ ముందట మీరు ముంగట కూసోండ్రి, మీ ఎనక నేను కూసుంట."

సార్ మొహం ఎర్రబడింది. మేస్త్రి వైపు చూశారు, ఆ వినయం చెక్కుచెదరలేదు. మమ్మల్ని చూశారు, మేమంతా విస్తళ్ళలోకి చూస్తున్నాం. చివరికి ఆయన చూపు తన ప్యాంటు మీది నీలం చుక్కల దగ్గర ఆగింది. భుజాలు కదిలాయి. కోపంతో అనుకున్నాను. కాదు, నవ్వు. వరంగల్ వచ్చాక ఆయన నవ్వడం అదే మొదటిసారి, ఆపుకోవడం చేతగాలేదు. పొలమారి దగ్గుతుంటే మేస్త్రే లేచి నీళ్ళిచ్చి నెత్తి మీద తట్టాడు.

"పరీక్షలూ వద్దు, ఏమీ వద్దు" అన్నారు కళ్ళు తుడుచుకుంటూ. "వచ్చే ఏడు మాత్రం తెల్లారకముందే బయల్దేరాలి. ఎండెక్కితే పిట్టలుండవు."

ఆ మాటలన్నిట్లో మా ఆడవాళ్ళకు వినపడ్డవి రెండే: వచ్చే ఏడు. నా భార్య లేచి, సార్ వద్దంటున్నా వినకుండా, ఆయన విస్తరిలో నాలుగు గారెలు వేసింది.